పాత ఈసీజీ ఏదండీ?

మొన్నొక ఆదివారం విజయవాడ పటమటలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉచిత గుండె పరీక్షల శిబిరం జరిగింది. ఏ ఆసుపత్రి పెట్టిందన్నది ఇక్కడ అనవసరం. సెల్లార్లో రెండు బల్లలు, మధ్యలో దుప్పటితో తెర, ఒక ఈసీజీ మెషిన్, వచ్చినవాళ్లకు ఇడ్లీ, వడ. సాయంత్రానికల్లా ఆ కాగితాల్లో సగం ఫొటోలై నా ఫోన్లో వచ్చి పడ్డాయి. మిగతా సగం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న డాక్టరు మేనల్లుళ్లకు చేరి ఉంటాయి. దాదాపు అన్నిటి కిందా ఒకటే ప్రశ్న: "అబ్‌నార్మల్ అని ఉంది, ఫర్వాలేదంటారా?"

వాటిలో ఒకావిడ కాగితం గురించి చెప్పాలి. నలభై దాటిన గృహిణి. బీపీ లేదు, షుగర్ లేదు. కాగితం పైన మెషిన్ "సెప్టల్ ఇన్‌ఫార్క్ట్, ఏజ్ అన్‌డిటర్మిన్డ్" అని అచ్చు వేసింది. గుండె మధ్య గోడకు ఎప్పుడో దెబ్బ తగిలినట్టుంది, ఎప్పుడో తెలీదు అని దాని ఉద్దేశం. శిబిరంలో కూర్చున్న కుర్రాడు "పాత అటాకమ్మా, ఒకసారి హాస్పిటల్‌కి వచ్చి యాంజియో చేయించుకోండి" అన్నాడట. మర్నాడు భార్యాభర్తలిద్దరూ నా క్లినిక్‌కి వచ్చారు. రాత్రంతా నిద్ర లేదని ముఖాలే చెబుతున్నాయి. అంతలోనే అటాక్ ఎప్పుడొచ్చిందో కూడా ఆవిడ కనిపెట్టేశారు. "మా చెల్లెలి కూతురి పెళ్లి అప్పగింతలప్పుడు ఛాతీ పట్టేసినట్టయింది డాక్టరుగారూ. నీరసమనుకున్నాను. అదే అయ్యుంటుంది."

మళ్లీ తీశాం. ఛాతీ మీద పెట్టే మొదటి రెండు లీడ్లు, అంటే వీ1, వీ2, రొమ్ము ఎముకకు అటూ ఇటూ నాలుగో పక్కటెముక సందులో ఉండాలి. హడావిడిలో, దుప్పటి తెర చాటున, ఆడవాళ్లకు తీసేటప్పుడు మొహమాటం కొద్దీ, అవి రెండు సందులు పైకి జరిగిపోతుంటాయి. అలా జరిగితే అక్కడ మొదట లేవాల్సిన చిన్న ఆర్ అల మాయమై, గీత నేరుగా కిందకు దిగిపోయినట్టు కనిపిస్తుంది. మెషిన్‌కి అది పాత అటాక్ మచ్చలాగే ఉంటుంది. సరైన చోట పెట్టగానే ఆర్ అల వచ్చేసింది. ఆవిడకు ధైర్యం రావాలని ఎకో, అంటే గుండె స్కానింగ్, కూడా తీయించాం. గోడ చక్కగా కదులుతోంది. అప్పగింతలనాడు పట్టేసింది ఏడుపే అయ్యుంటుంది.

నేను కార్డియాలజిస్టుని కాను, జనరల్ మెడిసిన్ వాణ్ణి. కానీ మన ఊళ్లలో ఈసీజీ కాగితం మొదట చేరేది నా లాంటి వాళ్ల బల్ల మీదకే. ఈ ఉద్యోగంలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఈసీజీలో తేడా ఉందా లేదా అన్న ప్రశ్న సగమే. ఈ మనిషికి, ఈ గంటలో, ఇంతకు ముందు లేని తేడా ఉందా అన్నది పూర్తి ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగేది అదే మనిషి పాత ఈసీజీ. మనం అన్నిటికంటే ముందు పారేసేది దాన్నే.

పైన అచ్చైన లైను

మెషిన్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అది కొలతలు బాగా కొలుస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు చేరడానికి పట్టే పీఆర్ ఎంత, కింది గదులు కొట్టుకునేటప్పుడు పడే క్యూఆర్‌ఎస్ అల వెడల్పు ఎంత, ఇవి చాలాసార్లు నా కన్ను కంటే దానికే బాగా తెలుస్తాయి. తెల్లవారుజామున మూడింటికి, వరుసగా రెండో నైట్ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు క్యూటీ (గుండె కింది గదులు ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం) పొడవైన సంగతి గమనించకపోవచ్చు, మెషిన్ గమనిస్తుంది. క్యూటీసీ, అంటే గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ, 500 మిల్లీసెకన్లు దాటిన మనిషికి చూసుకోకుండా దాన్ని ఇంకా పెంచే యాంటీబయాటిక్ రాస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చని తెలిసినవాడు ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోడు.

కానీ దానికి ఎదురుగా ఉన్న మనిషి తెలియడు. వయసు, ఆడా మగా అన్న మీటలు కూడా శిబిరాల్లో చాలాసార్లు ఎవరూ నొక్కరు. అది చూసేది పది సెకన్ల గుండె విద్యుత్తు. మామూలు అచ్చులో ఒక్కో లీడుకు దక్కేది రెండున్నర సెకన్లు. పైగా ఒక్క అటాక్ కూడా తప్పిపోకూడదన్న భయంతో తయారైన ప్రోగ్రామ్ కాబట్టి, అనుమానం ఉంటే రాసేస్తుంది. అందుకే కిందో మూల "అన్‌కన్‌ఫర్మ్‌డ్" అని కూడా వేస్తుంది, అంటే డాక్టరు ఇంకా చూడలేదని. ఆ మాట ఎవరి కంటా పడదు.

చాలా మెషిన్లలో ఈ వ్యాఖ్యానం అచ్చు కాకుండా ఆపుకునే సెట్టింగ్ ఉంటుంది. శిబిరాల్లో అది ఆపేసి, డాక్టరు చూశాక చేత్తో ఒక ముక్క రాసి ఇవ్వమని నిర్వాహకుల్లో ఒకాయనకు చెప్పాను. ఆయన నవ్వి, "ఆ లైను లేకపోతే ఉత్త గీతలే కదండీ, జనం మెషిన్ పని చేయడం లేదనుకుంటారు" అన్నారు. అది అబద్ధమని నేననలేను.

తేడా ఉంది, జబ్బు లేదు

కొన్ని తేడాలు పుట్టుకతో వచ్చిన పోలికలే. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన్ని ఆపరేషన్ ముందు ఫిట్‌నెస్ కోసం పంపారు. సన్నటి ఛాతీ, గట్టి కండ. ఈసీజీలో గీతలు ఒకదానిమీదొకటి ఎక్కేంత ఎత్తు. వీ1లో ఎస్ అల లోతు, వీ5లోనో వీ6లోనో ఆర్ అల ఎత్తు కలిపితే 35 మిల్లీమీటర్లు దాటితే ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) గోడ మందమైందని అనుమానించమని 1949లో సోకొలోవ్, లియోన్ చెప్పిన లెక్క ఇప్పటికీ మెషిన్లలో నడుస్తోంది. కానీ ఛాతీ పలచగా ఉండి, ఒళ్లొంచి పనిచేసే మనిషికి ఆ లెక్క ఊరికే దాటిపోతుంది. గుండెకీ లీడుకీ మధ్య అడ్డు తక్కువ మరి. ఆయన బీపీ మామూలుగానే ఉంది. ఎకోలో గోడా మామూలే. సర్జన్‌గారు మాత్రం "హార్ట్ ఎన్లార్జ్ అయింది" అని అప్పటికే చెప్పేశారు. కూలి పనికి పోవచ్చో లేదోనని ఆ ఇంట్లో పెద్ద చర్చే జరిగిందట.

పాతికేళ్ల కుర్రాళ్లలో క్యూఆర్‌ఎస్‌కీ టీ అలకీ మధ్య ఉండే ఎస్‌టీ భాగం కొంచెం పైకి లేచి, అది మొదలయ్యే చోట చిన్న కొక్కెంలా ఉండటం మామూలే. ఉద్యోగం మెడికల్ టెస్టులో ఇది చూసి కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన సంగతులు నాకు తెలుసు. వాడు మాత్రం ఆకలేస్తోందని గొడవ. వీ1లో టీ అల తిరగబడటం చాలామందిలో మామూలు. ఆడవాళ్లలో వీ2, వీ3 దాకా కూడా ఉండొచ్చు. గుండె కుడి కింది గదికి విద్యుత్తు తీసుకెళ్లే కుడి కట్ట అసంపూర్తిగా అడ్డుపడటం అనే పెద్ద పేరున్న తేడా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో బోలెడంతమందికి ఉంటుంది. ఎడమ చేతి వైరు, కుడి చేతి వైరు తారుమారైతే మొదటి లీడు మొత్తం తలకిందులవుతుంది. పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన చేతి వణుకు కాగితం మీద గుండె దడలా పడుతుంది. ఇవన్నీ మన దగ్గర "వేరియేషన్ ఉందన్నారు" అనే ఒక్క మాటలో కలిసిపోయి ఇంటికి చేరతాయి.

ఇంతవరకూ చదివి "అయితే ఈసీజీలో ఏమున్నా కంగారు పడక్కర్లేదన్నమాట" అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసమే తర్వాతి భాగం.

తేడా లేదు, జబ్బు ఉంది

ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడిపే ఒకాయన తెల్లవారుజామున ఛాతీ బరువుతో ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్‌కి వెళ్లారు. ఈసీజీ నార్మల్. గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ ఇచ్చారు. ఆయనకు అదే కావాలి, ఆరోజు డెలివరీ ఇవ్వాల్సిన పని ఉంది. చెమటలు ఆగలేదని భార్య పట్టుబట్టి ఇంటికి పోనివ్వలేదు. అరగంట తర్వాత మళ్లీ తీస్తే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ పైకి లేచింది. కింది గోడకు అటాక్. మొదటి కాగితం అబద్ధం చెప్పలేదు, అప్పటికింకా గీతలోకి రాలేదంతే. అందుకే నొప్పి ఉన్న మనిషికి పదిహేను, ముప్పై నిమిషాలకోసారి మళ్లీ మళ్లీ తీయాలంటారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూడాలంటారు. గుండె వెనక గోడ సంగతి ఇంకా కష్టం. మామూలు 12 లీడ్లలో అది నేరుగా కనబడదు. వీపు మీద వీ7, వీ8, వీ9 పెట్టి చూడాలి. ఎంతమంది పెడుతున్నారన్నది వేరే సంగతి.

ఇంకో రకం నన్ను ఎక్కువ భయపెడుతుంది. నిన్న నొప్పి వచ్చింది, ఇవాళ లేదు. మనిషి హాయిగా నడిచొస్తాడు. కానీ వీ2, వీ3లో టీ అల కాస్త లేచి కిందకు పడుతుంది, లేదా లోతుగా తిరగబడి ఉంటుంది. దీన్ని 1982లో వెలెన్స్ అనే వైద్యుడి బృందం గుర్తించింది. గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే పెద్ద ధమని దాదాపు మూసుకుపోతోందని దీని అర్థం. ఈ మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. "నొప్పి లేదు కదండీ, టీఎంటీ చేసి చూద్దాం" అనేది ఇక్కడ చాలా ప్రమాదకరమైన సలహా. నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీలో ఇది కనబడకపోవచ్చు, తగ్గాక తీసిన దాంట్లో కనబడుతుంది. మనిషి ఒకడే, కాగితాలు వేరు. ఏ గంటలో తీశారో తెలియకపోతే దేన్నీ చదవలేం.

అన్నిటికంటే విచిత్రమైనది ఇంకొకటుంది. పాత గుండె జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి టీ అలలు ఏళ్ల తరబడి తిరగబడే ఉంటాయి. అలాంటివారికి కొత్తగా రక్తం అడ్డుపడినప్పుడు ఆ అలలు నిటారుగా లేస్తాయి. అంటే కాగితం బాగుపడినట్టు కనిపిస్తుంది. మెషిన్ "నార్మల్" అని కూడా వేసేయొచ్చు. పాత ఈసీజీ పక్కన లేకపోతే ఆ నార్మల్ ఆయనకు అబ్‌నార్మల్ అని ఏ డాక్టరుకీ తెలిసే దారి లేదు. పదేళ్ల కిందటి ఫొటో చూడకుండా మనిషి కొత్తగా చిక్కాడా, మొదట్నుంచీ బక్కమనిషేనా చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

బీరువాలో ఫైలు

కంకిపాడు వైపు నుంచి ఒక పెద్దావిడను ఆయాసంతో రాత్రిపూట తీసుకొచ్చారు. ఈసీజీలో ఎడమ కట్ట పూర్తిగా అడ్డుపడిన నమూనా. వెడల్పాటి అలలు, పైకీ కిందకీ లేచిన ఎస్‌టీ. ఇలాంటి గీతల వెనక అటాక్ ఉన్నా దాక్కుంటుంది, లేకపోయినా ఉన్నట్టుంటుంది. మేం చదువుకునే రోజుల్లో, ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఇది కొత్తగా వచ్చిందనుకుంటే అటాక్‌తో సమానంగా చూసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వమనేవారు. 2013లో అమెరికా మార్గదర్శకాలు అదొక్కటే ఆధారంగా సరిపోదన్నాయి. ఇప్పుడు 1996లో స్గర్బోసా అనే వైద్యురాలి బృందం చెప్పిన లక్షణాలు కూడా చూస్తాం. క్యూఆర్‌ఎస్ అల ఏ వైపుకు లేచిందో ఎస్‌టీ కూడా అదే వైపుకు లేచిందా అన్నది అందులో ముఖ్యమైనది. ఆ ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ వయసులో ఊరికే ఇచ్చేది కాదు.

డ్యూటీ డాక్టరు ఆలోచిస్తుండగానే కొడుకుని అడిగాను: "పాత ఈసీజీ ఏదండీ?" "ఇంట్లో అమ్మ బీరువాలో ఏదో ఫైలుందండి." కోడలికి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి పట్టుచీరల కింద నుంచి ఫైలు లాగి ఫొటో పంపింది. ఏళ్ల కిందట కంటి ఆపరేషన్‌కి ముందు తీసినది. అచ్చం అదే నమూనా. గీతకు గీత. ట్రోపోనిన్ కూడా పెరగలేదు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దానికే వైద్యం చేశాం.

ఇక్కడ నా వాదన మీద నాకే ఒక అనుమానం ఉంది, దాన్ని దాచను. పాత కాగితం కూడా మోసం చేయగలదు. "మా అమ్మకి ఎప్పుడూ ఇలాగే ఉంటుందండి" అన్న మాట విని చల్లబడిపోతే, అదే నమూనా మీద కొత్త అటాక్ వచ్చి కూర్చున్నా చూడం. నమూనా పాతదైనా నొప్పి కొత్తదే కావచ్చు. ఇంకో సంగతి: నొప్పి, చెమట, ఆయాసం ఉన్నవాళ్లు బీరువా తాళాలు వెతుకుతూ కూర్చోకూడదు. ముందు 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రి గుమ్మం దాటిన పది నిమిషాల్లో మొదటి ఈసీజీ తీసి ఒక డాక్టరు చూడాలన్నది నియమం. ఫైలు వెనక నుంచి వస్తుంది.

ఫైలు ఉన్నా చాలాసార్లు దాంట్లో ఏమీ ఉండదు. ఈసీజీ కాగితం థర్మల్ కాగితం, వేడితో నల్లబడే పూత పూసినది. మన వేసవిలో బండి డిక్కీలో పడి ఉంటే వెలిసిపోయో మసకేసో పనికిరాకుండా పోతుంది. జాగ్రత్తపరులు ఇంకో అడుగు ముందుకేసి లామినేషన్ చేయిస్తారు. ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా మారిపోతుంది. బెసెంట్ రోడ్డులో లామినేషన్ చేయించానని ఒకాయన గర్వంగా తీసి చూపించిన నల్లటి పలక నాకింకా గుర్తుంది. "ఏముందండీ ఇందులో?" అని నన్నే అడిగారు.

డాలస్ మేనల్లుడు

దూరం నుంచి ఈసీజీ చూడటం తప్పేం కాదు. ఈ యంత్రాన్ని తయారుచేసిన ఐంథోవెన్ 1905 ప్రాంతంలోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆసుపత్రి నుంచి తన ప్రయోగశాలకు కిలోమీటరున్నర తీగ లాగి రోగుల గీతలు తీశాడు. ఆయన మెషిన్ 270 కిలోల బరువు, దాన్ని రోగి దగ్గరికి మోసుకెళ్లలేరు మరి. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ చిన్న ఊరి ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలో కార్డియాలజిస్టు ఫోన్లో చూసి, ఇంజెక్షన్ ఇవ్వమని చెబుతున్నాడంటే అది ప్రాణాలు కాపాడే ఏర్పాటే.

కానీ లైడెన్ తీగలో సంకేతం మొత్తం వెళ్లింది. మన వాట్సాప్‌లో వెళ్లేది ముక్క. ఫొటో తీసేవాళ్లు ట్యూబులైటు నీడ పడకుండా చూసుకుంటూ అంచులు కత్తిరించేస్తారు. ఆ అంచుల్లోనే సెకనుకు 25 మిల్లీమీటర్లు, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు అన్న వివరం ఉంటుంది. గీతలు పెద్దవిగా ఉన్నాయని టెక్నీషియన్ ఎత్తు సగానికి తగ్గించి ఉంటే, ఆ గుర్తు లేకుండా డాలస్ మేనల్లుడికి తెలియదు. మనిషికి నొప్పి ఉందా, ఎప్పట్నుంచి, పొటాషియం ఎంత, ఏ మందులు వాడుతున్నారు అన్నవీ తెలియవు. ఆ పరిస్థితిలో పాపం అతను రాయగలిగింది ఒక్కటే: "కార్డియాలజిస్టుకి చూపించండి మామయ్యా." అక్కడితో ఇంట్లో టెన్షన్ రెట్టింపు.

ఏఐ వచ్చేసింది కదా, ఇక డాక్టరే అక్కర్లేదు అనే మిత్రులు నాకున్నారు. మన కంటికి మామూలుగా కనిపించే ఈసీజీ నుంచి గుండె పంపింగ్ తగ్గిందని పసిగట్టే ఏఐ గురించి అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 2019లోనే ప్రచురించారు. అది నిజంగా గొప్ప సంగతి, నాకు చేతకానిది. కానీ లీడు రెండు సందులు పైన పెడితే దానికి అందేది కూడా ఆ తప్పు గీతే.

మరి ఎవరు తీయించుకోవాలి?

పాత ఈసీజీ అంత విలువైనదైతే అందరూ ఇప్పుడే ఒకటి తీయించి పెట్టుకోవాలా? ఇక్కడ నేను కొంతకాలం ఊగిసలాడాను. ఏ బాధా లేని, ప్రమాదం తక్కువున్న పెద్దవాళ్లకు ముందు జాగ్రత్తగా ఈసీజీ తీయొద్దని అమెరికాలో వ్యాధి నివారణ సేవల కార్యదళం 2018లో మళ్లీ చెప్పింది. వాళ్ల కారణం న్యాయమైనదే. పైన చెప్పిన పటమట గృహిణి లాంటి వాళ్లు తయారవుతారు. లేని జబ్బుకు ఎకో, దాని తర్వాత టీఎంటీ, ఆపైన యాంజియో. ఒక్కో మెట్టుకీ ఖర్చు ఉంది, చివరి మెట్టులో ప్రమాదమూ ఉంది.

అయినా నాది కొంచెం వేరే మాట. పండగ ఆఫర్ ప్యాకేజీలో పాతికేళ్ల కుర్రాడికి ఈసీజీ తీయడం నాకు ఇష్టం లేదు. బీపీ, షుగర్ మొదలైనవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవారు, స్టెంట్ వేయించుకుని ఇంటికి వెళ్తున్నవారు, వీళ్ల దగ్గర మాత్రం ఒకటి ఉండి తీరాలి. స్టెంట్ వేసినవాళ్లకు డిశ్చార్జ్ రోజున తీసిన ఈసీజీ కాపీ అడిగి తీసుకోండి. సమ్మరీలో "ఈసీజీ: ఎస్‌టీ-టీ మార్పులు" అని రాస్తే సరిపోదు, గీతలే కావాలి. ఆపరేషన్ ఫిట్‌నెస్‌కో ఇన్సూరెన్స్‌కో ఎలాగూ తీస్తారు కాబట్టి చాలామందికి కొత్తగా తీయించాల్సిన పని కూడా ఉండదు. అవతలివాళ్లు ఉంచేసుకోకుండా ఫొటో తీసుకోవాలి.

నాలుగు అంచులూ, పైన పేరూ తేదీ, కింద అంకెలూ పడేలా, వెలుగు సమంగా ఉన్నచోట పరిచి ఫొటో తీయండి. మీ ఫోన్లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో ఉంచండి. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్లో కుక్కకండి, జిరాక్స్ తీయించండి. ఫొటోతో పాటు ఆ గంటకు నొప్పి ఉందో లేదో, అప్పుడు వాడుతున్న మందులేమిటో ఒక్క ముక్క రాసి పెట్టండి. ఎప్పుడో అర్ధరాత్రి ఆ కాగితం చూసే డాక్టరు మొదట అడిగేది అదే.